రోడ్డుకు వీపు పెట్టిన ఊరు

ఉద్యోగ విరమణ చేసి అనుభవాలు రాసేవాళ్ళకి కనీసం తల సగమైనా నెరిసి ఉండాలి. నాకు రెండే తెల్లవెంట్రుకలు, అవీ పాప పుట్టాక వచ్చినవి. అయినా పోయిన నెల ఆఫీసుకి వెళ్ళి హెల్మెట్టూ, బూట్లూ, గుర్తింపు కార్డూ అప్పగించి వచ్చాను కాబట్టి నేనూ రిటైరైనట్టే. మా ఆయన శాలువా కప్పుతానన్నాడు. దోహా ఎండలో శాలువా ఎందుకు, ఆ చేతుల్తో కాసేపు పాపని ఎత్తుకోమన్నాను.

పాప పడుకున్నాక రాస్తున్నాను. మధ్యమధ్యలో వెళ్ళి అది ఊపిరి తీసుకుంటోందో లేదో చూసి వస్తుంటాను. తీసుకుంటూనే ఉంటుంది. అయినా వెళ్తాను. ఎక్కడైనా ఒక సంగతి సగంలో వదిలేసి ఇంకో సంగతికి వెళ్ళినట్టు అనిపిస్తే నేను అప్పుడు లేచి వెళ్ళానని అర్థం చేసుకోండి.

నా స్థానంలో శ్రావణి అనే అమ్మాయి చేరుతోంది. విజయనగరం పిల్ల, నాలాగే చరిత్రలో ఎం.ఏ. చేసింది, ఖతర్‌లో ఇంకా ఎండాకాలం చూడలేదు. "అక్కా, అసలు ఈ ఉద్యోగంలో ఏం చెయ్యాలి?" అని ఫోన్లో అడిగింది. కంపెనీ ఇచ్చిన కాగితంలో ఉన్నవి ఏవో చెప్పాను. ఫోన్ పెట్టేశాక, అవేవీ అసలు పని కాదు కదా అనిపించింది. అసలు పని ఏమిటో దానికీ, దానిలా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకీ చెబుదామని ఇది.

మీరు దోహా నుంచి ఉత్తరాన అల్ రువైస్ వైపు కారులో వెళ్తుంటే రోడ్డు పక్కన గోధుమరంగు బోర్డులు కనిపిస్తాయి. ఇక్కడ ఒక కోట ఉండేది, ఇక్కడ మంచినీళ్ళ బావి ఉండేది, ఇక్కడ ఒక పల్లె ఉండేది, ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాళ్ళు ఇక్కడ బతికారు అని రెండు భాషల్లో రాసి ఉంటుంది. అందులో కొన్ని మా కంపెనీ నిలబెట్టింది. ఏ జాగాలో నిలబెట్టాలో చూడటం, ఏం రాయాలో కనుక్కోవడం, నిలబెట్టాక పడిపోకుండా చూసుకోవడం నా పని. చివరిది ఉద్యోగంలో లేదు, నేను కలుపుకున్నది.

చెమట పట్టేచోట ఫుల్‌స్టాప్

మా బాస్ సమీర్ సాబ్ ఈజిప్టు ఇంజినీరు. బొద్దుగా ఉంటాడు, గట్టిగా మాట్లాడతాడు, ప్రతి వాక్యం "యల్లా", అంటే పదండి, అని మొదలుపెట్టి "ఖలాస్", అంటే అయిపోయింది, అని ముగిస్తాడు. చరిత్ర మీద ఆయనకి ఆసక్తి లేదు. పిరమిడ్ల దేశం నుంచి వచ్చినవాడు, ఇక్కడి బావులూ మొండిగోడలూ ఆయనకేం ఆనతాయి?

నేను మొదటి బోర్డుకి రాసిన మాటలు తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాను. యూనివర్సిటీలో నేర్చుకున్నదంతా అందులో ఉంది. ఆయన చదవలేదు. ఆ కాగితం పట్టుకుని నన్ను కిందకి, ఆఫీసు వెనకాల కార్లు నిలిపే చోటికి తీసుకెళ్ళాడు. మిట్టమధ్యాహ్నం, జులై. టోపీ తీసేసి ఎండలో నిలబడి పైకి చదవడం మొదలుపెట్టాడు. మూడో వాక్యం సగంలో ఆగి నుదురు తుడుచుకున్నాడు.

"మిస్, చెమట పట్టింది. ఖలాస్. ఫుల్‌స్టాప్ ఇక్కడ."

"ఇంకా అసలు విషయం రాలేదు సర్."

"అయితే అసలు విషయం ముందుకి తీసుకురా. కారులో ఏసీ ఆన్‌లో ఉంది, లోపల భార్య ఉంది, పిల్లలు ఏడుస్తున్నారు. ఆ మనిషి నీ కోసం ఇంతకంటే నిలబడడు."

నేను విన్న పాఠాలన్నిటిలోకీ ఇది పెద్దది. ఆ రోజునుంచి ప్రతి బోర్డుకీ రాసింది ఎండలోకి వెళ్ళి చదువుకున్నాను.

అదే సమీర్ సాబ్ గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. పని బాగా జరిగినప్పుడు ఆయనంత మంచివాడు లేడు, అందరికీ కరక్ చాయ్ తెప్పిస్తాడు. ఏదైనా చెడిందంటే మాత్రం ఆయన కళ్ళు వెంటనే తన కింద ఉన్నవాళ్ళ పేర్ల మీదకి వెళ్తాయి. దుర్మార్గం కాదు, భయం. ఆయన పైన కూడా ఒకరున్నారు కదా. కానీ కింద ఉన్నవాడికి ఆ తేడా తెలియదు, దెబ్బ ఒకటే.

ఒంటెల వీపు దురద

శ్రావణీ, నీకు ఆందోళన ఎక్కువ అని ఆ రోజు ఫోన్ అందుకుని మీ అమ్మ చెప్పింది. మంచిదే. ఈ ఉద్యోగానికి అదే అర్హత. ధైర్యవంతులు బోర్డు నిలబెట్టి ఇంటికి వెళ్ళి నిద్రపోతారు. నాకు నిద్ర పట్టేది కాదు. గాలి వస్తే? ఉప్పుగాలికి బోల్టులు తుప్పు పడితే? చదవడానికి ఎవరైనా కారు ఆపితే వెనక లారీ గుద్దితే? అందుకే నా బోర్డులన్నీ రోడ్డుకి కాస్త ఎడంగా, కారు ఆపుకోవడానికి జాగా ఉన్నచోట ఉంటాయి.

ఇన్ని ఆలోచించినదాన్ని ఒంటెల గురించి ఆలోచించలేదు. ఒక కోట దగ్గర పెట్టిన బోర్డు వారం తిరక్కుండానే పక్కకి ఒరిగింది. మళ్ళీ నిలబెట్టాం, మళ్ళీ ఒరిగింది. సమీర్ సాబ్ సిమెంటు వాళ్ళని తిట్టాడు. ఒకరోజు మేం అక్కడ టీ తాగుతుండగా ఒక ఒంటె తీరిగ్గా నడిచి వచ్చి, బోర్డుకి వీపు ఆనించి, కళ్ళు మూసుకుని, ఇటూ అటూ రుద్దుకోవడం మొదలుపెట్టింది. దాని వెనకాల ఇంకో రెండు తమ వంతు కోసం నిలబడ్డాయి.

"మేడం," అన్నాడు మా మేస్త్రీ ఓదేలు, టీ కప్పు పట్టుకునే, "గీ బోర్డు ఊరికే పోతలేదు. ఎవలకో ఒకలకు పనికొస్తున్నది."

పక్కనే ఒట్టి ఇనప స్తంభం ఒకటి పాతించాం, వాటి కోసం. తర్వాత బోర్డు జోలికి రాలేదు. ఆ ఖర్చు ఏ పేరుతో రాశారో నన్నడక్కు.

ఓదేలు

ఓదేలు జగిత్యాల వైపు పల్లె మనిషి. దోహా బయట బిర్కత్ అల్ అవామిర్‌లో కూలీల క్యాంప్, అక్కడినుంచి తెల్లారేసరికి తన మనుషుల్ని ఎక్కించుకుని వ్యాన్‌లో వచ్చేవాడు. అందరూ ఆ చుట్టుపక్కల జిల్లాలవాళ్ళే. కొత్తగా మేస్త్రీ అయ్యాడు. తను ఎప్పుడు ఇంటికి వెళ్ళినా తన అంతట తను వెళ్ళాలని ఆయన పట్టుదల.

"మా ఊర్లె ఎవలన్న మధ్యల వాపసు వస్తే ఏమంటరో ఎర్కేనా మేడం? 'దుబాయ్‌కెల్లి ఎల్లగొట్టిర్రట' అంటరు. ఖతర్ అని చెప్పినా ఇనరు. ఎల్లగొట్టినకాడ దుబాయ్ అయితేంది, ఖతర్ అయితేంది! మా చిన్నాయిన కొడుకును గట్లనే తోలిచ్చిర్రు. ఇప్పటికీ ఆడు పెండ్లికి పోతే ఎనక వరసల కూసుంటడు."

సిమెంటు గట్టిపడేదాకా కదలడానికి లేదు కనక ఆ సమయంలో వాళ్ళంతా నీడలో కూర్చుని "ఏం రాసిర్రు మేడం?" అని అడిగేవారు. బోర్డు మీద ఉన్నది అరబ్బీ, ఇంగ్లీషు. నేను తెలుగులో చెప్పేదాన్ని. వాళ్ళకి కోటల మీద పెద్ద మోజు లేదు. పల్లెలంటే మాత్రం వదిలేవాళ్ళు కాదు. ఎందుకు వదిలిపెట్టి పోయారు? నీళ్ళు ఉప్పుబారితే పక్కన ఇంకో బావి తవ్వుకోలేదా? పోయినవాళ్ళు మళ్ళీ చూడ్డానికి వచ్చారా? నాకు తెలిసింది చెప్పేదాన్ని, తెలియనిది కనుక్కుని వచ్చే వారం చెప్పేదాన్ని. పల్లెని వాళ్ళు పనిచేసే సైటులాగా చూడలేదు, పల్లెలాగానే చూశారు. తర్వాత జరిగిందంతా ఇందువల్లే.

ఎవరిదో తెలియని ఊరు

అల్ రువైస్ దాటాక తీరం వెంట వదిలేసిన పల్లె ఒకటుంది. పేరు రాయను. కూలిన రాతిగోడలు, ఇసుక, ఒక చిన్న మసీదులో మిగిలిన భాగం, చుట్టూ కంచె. ప్రభుత్వం తరఫున మా పని చూసే అధికారిణి మౌజా మేడం ఆ పల్లెకి బోర్డు కావాలన్నారు. గోడల కొలతలు దొరికాయి కానీ మనుషులు దొరకలేదు. ఎవరు ఉండేవారు, ఏ ఇల్లు ఎవరిది, దేన్ని ఏమని పిలుచుకునేవారు, ఏమీ లేదు.

వెతగ్గా వెతగ్గా బూ రాషిద్ అనే పెద్దాయన దొరికాడు. రాషిద్ వాళ్ళ నాన్న అని దానర్థం, ఇక్కడ పెద్దవాళ్ళని అలాగే పిలుస్తారు. ఆ పల్లెలో పుట్టాడు, చిన్నప్పుడే ఊరంతటితోపాటు కదిలిపోయాడు. ఆయన దగ్గర డ్రైవరు నాగయ్య రాయచోటివాడు, ఎన్నో ఏళ్ళుగా ఆ ఇంట్లోనే ఉన్నాడు. ఆయన్ని "బాబా" అంటాడు. పెద్దాయన అరబ్బీని నాకు చెప్పేది నాగయ్యే.

బూ రాషిద్‌ని రోడ్డు దాకా తీసుకొచ్చాం. ఆయన కారు అద్దం దించి చాలాసేపు చూశాడు. ఏదో అని అద్దం ఎత్తేశాడు.

"ఏమంటున్నారు నాగయ్యా?"

"ఇది మా ఊరు కాదంటాండాడు మ్మా. మా ఊరు ఇంకా పెద్దది, ఇంకా బాగుంటాది అంటాండాడు."

"ఇదే అని మ్యాపులో ఉంది."

"ఆ మాట నేనెట్లా చెప్పేది మ్మా బాబాకి? నా ఉద్యోగం పోతాది. నువ్వే చెప్పు, నేను అరబ్బీలో మెల్లిగా చెప్తా."

మళ్ళీ ఒకసారి వచ్చారు. మళ్ళీ అదే మాట, ఈసారి కాస్త కోపంగా. ఆ తర్వాత రానన్నాడు. బోర్డు మీద ఏం రాయాలన్నది ఆగిపోయింది. సమీర్ సాబ్ అన్నాడు, "ముందు స్తంభమూ ఫ్రేమూ నిలబెట్టేద్దాం, రాసిన పలక తర్వాత బిగిద్దాం." ఆ రోడ్డు పక్కన భూమిలో కేబుళ్ళున్నాయి కాబట్టి తవ్వకూడదు. ముందే పోసి ఉంచిన సిమెంటు దిమ్మె ముక్కలు నేలమీద కూర్చోబెట్టి దానిమీద స్తంభం నిలపాలి. నేను వెళ్ళి రోడ్డు పక్కన జాగా చూసి ఎర్రరంగు మేకు పాతి వచ్చాను.

బూట్ల ఫోటో

అప్పుడు పాప కడుపులో ఉంది. స్తంభం నిలబెట్టే రోజు నాకు ఆసుపత్రిలో పరీక్ష. డ్రాయింగు పంపుదామంటే సమీర్ సాబ్ "డ్రాయింగు ఎందుకు? ఫోన్లో లొకేషన్ పంపిస్తా, యల్లా" అన్నాడు. పంపాడు. ఊరి పేరు కొడితే ఫోను ఏం చూపిస్తుంది? ఊరి నట్టనడుమ చూపిస్తుంది.

ఆసుపత్రిలో నా వంతు కోసం కూర్చుని ఉండగా ఓదేలు నుంచి ఫోటోలు వచ్చాయి. మొదటిదాంట్లో కంచె గేటు బయట సేఫ్టీ బూట్లు, జతలు జతలుగా, వరసగా, ఎంతో శుభ్రంగా. రెండోదాంట్లో మా వాళ్ళు ఒట్టికాళ్ళతో, ఇనప పైపులకి తాళ్ళు కట్టి, దిమ్మె ముక్కని భుజాల మీద పల్లకీలాగా మోసుకుపోతున్నారు. మూడోదాంట్లో స్తంభం, ఖాళీ ఫ్రేము, శిథిలాల మధ్యలో. దిమ్మె మీద పసుపు బొట్టు. కింద ఓదేలు గొంతు రికార్డయి ఉంది.

"మేడం, మస్తు కష్టమైంది గని మంచిగ కూసున్నది. ఊరి నడిమిట్ల, నాలుగు తొవ్వలు కలిసేకాడ. తూర్పు మొకం బెట్టినం."

డాక్టరు రక్తపోటు చూసి మళ్ళీ చూసింది.

మన పల్లెల గురించి తెలిసినవాళ్ళకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. తెలంగాణ పల్లెల్లో ఊరి నడుమ బొడ్రాయి ఉంటుంది. ఊరికి బొడ్డు లాంటి రాయి. ఊరు అక్కడ మొదలవుతుంది. దాన్ని ఊళ్ళో అందరూ కలిసి నిలబెడతారు, చెప్పులేసుకుని దాని దగ్గరికి వెళ్ళరు. ఊరి పేరున ఒక స్తంభం నిలబెట్టమంటే, లొకేషన్ కూడా ఊరి నడుమనే చూపిస్తుంటే, రోడ్డు పక్కన ఒక ఎర్ర మేకు ఉన్నంత మాత్రాన ఓదేలు అక్కడ ఎందుకు పెడతాడు? ఆ మేకు కేబుల్ వాళ్ళదనుకున్నాడు.

నేను ఆఫీసుకి వెళ్ళేసరికి ఆ ఫోటోలు సమీర్ సాబ్ దగ్గరికి కూడా చేరాయి. రక్షిత ప్రదేశంలోకి అనుమతి లేకుండా బరువు తీసుకెళ్ళడం ఒక తప్పు. కానీ ఆయన్ని ఎక్కువ మండించింది బూట్లు.

"అన్ని జతలూ! బయట! వరసలో! ఇది సైటా, మసీదా?"

"సర్, లొకేషన్ మీరు పంపింది ఊరి మధ్యలోది."

"ఫోను పంపింది. నేను కాదు. ఎల్లుండి మౌజా మేడం సైటుకి వస్తోంది. మేస్త్రీ పేరు రాసి ఇవ్వాలి, కంపెనీ అతన్ని వెనక్కి పంపేసింది అని చెప్పాలి. ఖలాస్."

ఓదేలుకి ఫోన్ చేసి చెప్పాల్సింది నేనే. చెప్పాను.

"బూట్లు ఇడిసిపెట్టుడు తప్పా మేడం?"

"బూట్లు విప్పడం సేఫ్టీ ప్రకారం తప్పు ఓదేలూ."

"ఊర్లెకు బూట్లేసుకొని పోతమా?" అన్నాడు. మళ్ళీ తనే, "పోతే నా అంతట నేను పోదునని ఉండె" అన్నాడు.

శ్రావణీ, ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. నాకు వచ్చిన పని ఒకటే: కంగారు పడటం. కంగారులో ఎవరెవరికి ఫోన్ చెయ్యొచ్చో అందరికీ చేస్తాను. ఆ కంగారులోనే నాగయ్యకి చేశాను. మౌజా మేడం వచ్చేటప్పుడు ఆ ఊళ్ళో పుట్టినాయన ఒకరు అక్కడ ఉంటే తిట్లు కాస్త తగ్గుతాయేమోనని నా ఆశ. అంతకంటే పెద్ద ఆలోచన ఏమీ లేదు.

"బాబా రాడు మ్మా. ఆ ఊరు పేరెత్తితేనే కోపం."

"మా వాళ్ళు ఆయన ఊళ్ళోకి బూట్లు విప్పి వెళ్ళారు, దానికి వాళ్ళని పంపేస్తున్నారు అని చెప్పు."

నాగయ్య కాసేపాగి మళ్ళీ ఫోన్ చేశాడు. "ఏం చెప్పినావో ఏమో గానీ, కారు బయటికి తీయమంటాండాడు. ఈరోజు కాదు బాబా, ఎల్లుండి అని కూసోబెట్టినా."

అత్త వంటిల్లు

చలికాలం ఉదయం. మౌజా మేడం వచ్చారు, సన్నగా, నల్లటి అబాయాలో, ఏ మాటైనా విన్నాకే మాట్లాడే మనిషి. సమీర్ సాబ్ చేతిలో ఫైలు. ఓదేలు మనుషులు కంచె దగ్గర ఒద్దికగా నిలబడ్డారు, ఈసారి బూట్లు వేసుకుని, లేసులు గట్టిగా కట్టుకుని. నేను పొట్ట పట్టుకుని ఒక రాయి చూసుకుని కూర్చున్నాను.

మౌజా మేడం మొదట అడిగింది, "తవ్వారా?"

"లేదు మేడం," అన్నాను.

"రాళ్ళు జరిపారా?"

ఓదేలు ముందుకు వచ్చి హిందీలో చెప్పాడు. ఒక్క రాయి జరిపాము, దిమ్మె ఊగుతుంటే. పక్కనే పెట్టాము, ఎలా ఉన్నది అలాగే. గోడలు దాటలేదు, బాటలా కనిపించినదాని వెంటే మోసుకెళ్ళాము.

అప్పుడే తెల్ల ల్యాండ్‌క్రూజర్ వచ్చి ఆగింది. నాగయ్య దిగి తలుపు తీశాడు. బూ రాషిద్ చేతికర్ర ఊతంగా దిగి, దూరంగా శిథిలాల మధ్య ఆ స్తంభాన్ని చూశాడు. ఇంతకుముందు రెండుసార్లూ ఆయన రోడ్డు దగ్గరే ఆగిపోయాడు. లోపలికి వెళ్ళడానికి మోకాళ్ళు నొప్పి, పైగా తన ఊరు కాదన్న ఊళ్ళోకి ఎందుకు వెళ్తాడు? ఇప్పుడు చూడ్డానికి అక్కడ ఒకటి ఉంది. నడవడం మొదలుపెట్టాడు. ఒక పక్క నాగయ్య, వెనక మేమంతా. మౌజా మేడం వద్దనలేదు.

స్తంభం దగ్గరికి వెళ్ళి ఆగాడు. పలక ఇంకా బిగించలేదు కనక ఫ్రేము ఖాళీగా ఉంది. ఆ ఖాళీలోంచి సముద్రం కనిపిస్తోంది. ఆయన వంగి అందులోంచి చూశాడు. పక్కకి జరిగి మళ్ళీ చూశాడు. తర్వాత కర్ర ఎత్తి చుట్టూ చూపిస్తూ గడగడా మాట్లాడటం మొదలుపెట్టాడు. నాగయ్య అందుకోలేక అవస్థపడుతున్నాడు.

"మా ఊరే అంటాండాడు మ్మా! ఇదే అంట! మనం వెనక నుంచి చూపిస్తే ఎట్లా తెలుస్తాది అని తిడతాండాడు!"

"వెనక నుంచా?"

"అప్పుడు రోడ్డు యాడుంది మ్మా? వీళ్ళు వచ్చేది పోయేది అంతా పడవలోనే. ఊరికి మొకం అటువైపు, నీళ్ళవైపు. మనం ఊరికి ఈపు చూపించి, ఇది నీదా అని అడిగితే ఏం చెప్తాడు? నీ ఈపు ఫోటో తీసి నీకు చూపిస్తే నువ్వు గుర్తుపడతావా అంటాండాడు!"

మౌజా మేడం నవ్వడం నేను మొదటిసారి చూశాను.

ఆయన సముద్రం వైపు తిరిగి నిలబడి ఒక్కొక్క ఇల్లూ చెప్పాడు. అది మా ఇల్లు. అది ముత్యాల పడవ నడిపించే వాళ్ళది. ఆ మూల మేకలు. ఇక్కడ మగవాళ్ళు సాయంత్రం కూర్చునేవారు. నేను రాసుకోలేక ఫోన్లో రికార్డు పెట్టేశాను. చివరికి కర్ర కింద దించి స్తంభం దిమ్మెకి తాటించి ఏదో అడిగాడు.

"ఇక్కడ ఎవరు పెట్టినారు అంటాండాడు," అన్నాడు నాగయ్య, గొంతు తగ్గించి.

సమీర్ సాబ్ ఫైలు తెరిచాడు. అంతలోకి ఓదేలే చెయ్యెత్తాడు. "నేనే."

ఎందుకు ఇక్కడ అని పెద్దాయన అడిగాడు. ఓదేలు తెలుగులో చెప్పాడు, దాన్ని అరబ్బీలోకి నాగయ్య మోయాలి. "మా దిక్కు ఊరి నడిమిట్ల బొడ్రాయి ఉంటది. ఊరు ఆడ్నించే అయితది." నాగయ్యకి బొడ్రాయిని అరబ్బీలోకి ఎలా తేవాలో తోచలేదు. కాసేపు గింజుకుని, చివరికి చొక్కా మీద తన పొట్ట మధ్య వేలు పెట్టి చూపించి, ఆ వేలే తీసుకెళ్ళి స్తంభం మీద పెట్టాడు.

బూ రాషిద్‌కి అర్థమైంది. చుట్టూ చూశాడు. నవ్వడం మొదలుపెట్టాడు. కర్ర మీద ఆనుకుని, భుజాలు కదిలేలా నవ్వాడు.

"ఊరి నడుమ కాదంట ఓదేలూ ఇది," అన్నాడు నాగయ్య తనూ నవ్వు ఆపుకోలేక. "వాళ్ళ మేనత్త వంటిల్లంట! నువ్వు తెచ్చి సరిగ్గా పొయ్యి మీద పెట్టినావంట!"

ఓదేలు ముఖం మాడిపోయింది. "అయ్యో. మరి నడుమ ఏడుండె?"

పెద్దాయన సముద్రం వైపు చూపించాడు. "మా ఊరికి నడుమ అదే అంటాండాడు."

తర్వాత ఆయన కష్టంగా వంగి, దిమ్మె మీద ఎండిపోయిన పసుపుని గోటితో గీకి వాసన చూశాడు. ఏమిటిది అన్నట్టు చూశాడు. మా అందరికీ మళ్ళీ భయం వేసింది. నాగయ్య మెల్లిగా "కుర్కుమ్, బాబా" అన్నాడు. పసుపు అని.

"కుర్కుమ్!" అన్నాడు ఆయన, మౌజా మేడం వైపు తిరిగి. "వంటింట్లో పెట్టారు, పసుపు కూడా వేశారు. ఇంకా బియ్యమే తక్కువ."

బియ్యం కారులో ఉంది. ఆయన ఇంటినుంచి పెద్ద పళ్ళెం మచ్‌బూస్, మన బిర్యానీలాంటిది, వండించి తెచ్చాడట, మేకమాంసం వేసి. బయల్దేరేముందే ఇంట్లో చెప్పి వండించాడని నాగయ్య అప్పుడు చెప్పాడు. కంచె బయట చాప పరిచి అందరం కూర్చున్నాం. బూ రాషిద్ ఓదేలుని తన పక్కన కూర్చోబెట్టుకుని, మంచి ముక్కలన్నీ అతని వైపు తోశాడు. ఆ పళ్ళానికి అవతలి వైపు సమీర్ సాబ్. ఒకే పళ్ళెంలో చెయ్యిపెట్టి తింటున్న మనిషిని వెనక్కి పంపిస్తున్నామని అదే పూట ఎలా చెప్తాడు? ఫైలు ఆయన ఒళ్ళో మూసే ఉంది. చివరికి మౌజా మేడమే అడిగారు, "మీరేదో చెప్పాలన్నారు?"

సమీర్ సాబ్ ఓదేలు వైపు చూశాడు, పళ్ళెం వైపు చూశాడు. "లొకేషన్ ఫోన్లో పంపితే సరిపోదు, ఇకమీద డ్రాయింగు తప్పకుండా పంపాలి అని," అన్నాడు. "ఖలాస్."

దిమ్మెని మళ్ళీ భుజాల మీద రోడ్డు పక్కకి మోసుకెళ్ళాలని మౌజా మేడం చెప్పారు, జరిపిన రాయిని ఎక్కడిదక్కడ పెట్టించారు. ఈసారి బూట్లు వేసుకోవాలని కూడా చెప్పారు. ఓదేలు వాళ్ళు వేసుకున్నారు. కానీ వంటిల్లు ఉన్నచోటికి వచ్చేసరికి ఓదేలు దాన్ని చుట్టి తిరిగి పోయాడు. ఎందుకని అడిగితే, "పొయ్యి ఎట్ల తొక్కుతం మేడం?" అన్నాడు.

ఆ బోర్డు మీద ఏముంది

ఆ బోర్డు ఇప్పుడు రోడ్డు పక్కనే ఉంది, ఎర్ర మేకు పాతినచోట. మొదటి వాక్యం రాయడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. "మీరు ఈ ఊరిని వెనక నుంచి చూస్తున్నారు. ఇక్కడివాళ్ళు సముద్రం మీంచి వచ్చేవారు." సమీర్ సాబ్ దాన్ని ఆఫీసు వెనక ఎండలో నిలబడి చదివాడు. చెమట పట్టకముందే అయిపోయింది. ఇంకోసారి చదివాడు.

శ్రావణీ, నువ్వు ఏ ఊరికి వెళ్ళినా మొదట గోడలు కొలవకు. మనుషులు ఆ ఊళ్ళోకి ఏ వైపు నుంచి వచ్చేవారో అడుగు. బోర్డు మనం ఎటునుంచి వస్తామో అటు పెట్టక తప్పదు, అది రోడ్డు పని. కానీ రాసేది వాళ్ళు వచ్చినవైపు నుంచి రాయాలి. ఇంకా, మంచినీళ్ళు ఎక్కువ పెట్టుకో. దారిలో పెట్రోలు బంకు కనిపిస్తే అవసరం లేకపోయినా ఆగు, తర్వాతది ఎక్కడుందో నీకు తెలియదు. ఒంటెల సంగతి చెప్పాను.

నేను ఎందుకు మానేశానంటే, పాపకి జ్వరం వచ్చిన రోజు నేను ఉత్తరాన ఇసుకలో ఉన్నాను. మామూలు జ్వరమే, సాయంత్రానికి తగ్గింది. కానీ రోడ్డంతా నేను ఏడ్చుకుంటూ వచ్చాను. ఆందోళన ఈ పనికి అర్హత అన్నాను కదా, నా దగ్గరున్నదంతా ఇప్పుడు పాపకే సరిపోతోంది. పెద్దయ్యాక దాన్ని ఆ ఊరికి తీసుకెళ్తాను. సముద్రం వైపు నుంచి, వీలైతే పడవలో.

ఓదేలు పోయిన చలికాలం ఇంటికి వెళ్ళిపోయాడు. తన అంతట తనే, గడువు అయ్యాక, అందరికీ చాయ్ తాగించి. నిన్న ఫోన్ చేశాడు. వాళ్ళ ఊరికి కొత్తగా రోడ్డు పక్కన పేరు బోర్డు పెడుతుంటే, దుబాయ్‌లో బోర్డులు పెట్టి వచ్చినవాడివి కదా అని సర్పంచి ఇతన్నే పిలిచాడట.

"ఖతర్ అని చెప్పిన మేడం, ఇనలే."

"బోర్డు ఎక్కడ పెట్టించారు?"

"రోడ్డుకే. బొడ్రాయి కాడ గాదు," అని నవ్వాడు. "గని ముందుగాల ముసలోళ్ళను అడిగిన, పాతకాలంల ఊర్లెకు ఎటుకెల్లి వస్తుండిరని. అందరు ఒక్క దిక్కే చూపెట్టిర్రు. గిప్పుడు ఊరోళ్ళంత చెత్త పోసే దిక్కు."

"మరి ఏం చేశారు?"

"ఏం జేస్తం మేడం? చెత్త తీసినం."